పాత హెచ్ఎంటీ ట్రాక్టరు, ఆటోనగర్ పంపు షాపు: ఎనిమిదేళ్ల నా అనుభవం

మాది పామర్రు వైపు. మా నాన్న 1992లో కొన్న హెచ్ఎంటీ 3511 ఇంకా మా ఇంట్లోనే ఉంది, ఇప్పటికీ దమ్ములోకి దిగుతోంది. మూడు సిలిండర్లు, 35 హార్స్ పవర్, చెకోస్లొవేకియా జెటార్ డిజైన్ మీద హర్యానాలోని పింజోర్‌లో తయారైన రకం. 2016లో కేంద్రం హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగాన్నే మూసేయాలని నిర్ణయించింది కాబట్టి ఇక మాకు షోరూమూ లేదు, కంపెనీ మెకానిక్కూ లేడు. మనకి మిగిలింది లేత్ షాపు, పంపు షాపు (ఇంజనులోకి డీజిలు కొట్టే పంపు బాగుచేసేది), లుధియానా నుంచో రాజ్‌కోట్ నుంచో వచ్చే స్పేర్లు, అంతే. కొత్త బండి ఉన్నవాళ్లకి ఈ రాత అక్కర్లేదు. పాతదాన్ని వదల్లేక నెట్టుకొస్తున్నవాళ్ల కోసం రాస్తున్నా.

ముందు నేను మోసపోయిన సంగతి చెప్పాలి. 2017లో కాలవలకి నీళ్లు వదలడానికి పదిహేను రోజుల ముందు బండి నల్లపొగ కక్కడం మొదలుపెట్టింది, పొద్దున్నే స్టార్ట్ చేయాలంటే పది నిమిషాల యుద్ధం. దగ్గర్లో టౌన్లో ఒక పంపు షాపుకి తీసుకెళ్తే, ఎలిమెంట్లు (పంపులో డీజిలుని నెట్టే చిన్న పిస్టన్లు) పోయాయి, డెలివరీ వాల్వులు (డీజిలు వెనక్కి రాకుండా ఆపేవి) పోయాయి, మూడు నాజిళ్లూ (సిలిండర్లోకి డీజిలు చిమ్మేవి) పోయాయి అని చెప్పి పద్నాలుగు వేలు తీసుకున్నారు. రెండు నెలలు బాగానే నడిచి మళ్లీ అదే పొగ. అప్పుడు ఎందుకో అనుమానం వచ్చి పంపు మీద రేకు తుడిచి నంబరు చూశా. మా నాన్నకి ఒక అలవాటు, ఇంజను నంబరు, పంపు నంబరు, బ్యాటరీ తేదీ అన్నీ పట్టాదారు పాసుపుస్తకం అట్ట లోపల పెన్సిల్‌తో రాసుకుంటాడు. ఆ నంబరు వేరు, ఈ నంబరు వేరు. అంటే మా మైకో కంపెనీ పంపు ఎవరి బండికో ఎక్కింది, ఎవరి పంపో మాకు బిగించారు. అడిగితే "పొరపాటున మారిపోయింది, అయినా రెండూ ఒకటేగా" అన్నారు. మాది తిరిగి రాలేదు. షాపు పేరు రాయను, గొడవ పెట్టుకునే ఓపిక నాకు లేదు.

ఆ తర్వాత మా బావమరిది ఒకాయన దగ్గరికి పంపాడు. విజయవాడ ఆటోనగర్‌లో మెయిన్ రోడ్డు మీద కాదు, లోపలికి వెళ్లాలి, ముందు లారీ స్ప్రింగుల షాపు, దాని వెనక రేకుల షెడ్డు. బోర్డు మీద అక్షరాలు సగం చెరిగిపోయాయి. ఈయన పేరు కూడా రాయడం లేదు, వద్దన్నాడు. ఉన్న బళ్లకే టైము సరిపోవడం లేదు, ఇంకా జనాన్ని తోలుకొస్తావా అని తిట్టాడు. అరవై దాటిన మనిషి. నేను బాబాయ్ గారూ అంటా, ఆయన అబ్బాయ్ అంటాడు.

మొదటిసారి వెళ్లినప్పుడు పంపు సంచిలోంచి తీయకముందే ఆయన అడిగిన మాట, "ఎయిర్ ఫిల్టర్ కడిగి ఎన్నాళ్లయింది అబ్బాయ్?" నాకు గుర్తు లేదు. మా బండిది ఆయిల్ బాత్ ఫిల్టరు, కింద గిన్నెలో నూనె పోసి ఉంచే రకం. ఇంటికి ఫోన్ చేసి విప్పించి చూస్తే ఆ గిన్నెలో నూనె లేదు, గడ్డి దుమ్ము, నూనె కలిసి గట్టిపడ్డ బురద ఉంది. గాలి ఆడకపోతే డీజిలు సగం కాలి నల్లపొగ రాక ఏం చేస్తుంది. పద్నాలుగు వేలు తీసుకున్న షాపులో ఒక్కడూ ఈ మాట అడగలేదు.

తర్వాత పంపుని టెస్ట్ బెంచీ మీద ఎక్కించాడు. చూడనివాళ్ల కోసం చెప్తున్నా, మోటారు పంపుని తిప్పుతుంటే ఒక్కో లైను నుంచి వచ్చే డీజిలు ఒక్కో గాజు గొట్టంలో పడుతుంది. మూడు గొట్టాల్లో మట్టం సమంగా లేవాలి. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి "నన్ను చూడకు, గొట్టాలు చూడు" అన్నాడు. రెండు సమంగా లేచాయి, మూడోది వేలెడు కిందే ఆగింది. అంటే ఒక ఎలిమెంటు అరిగింది, దాని డెలివరీ వాల్వు కూడా సరిగ్గా మూసుకోవడం లేదు. నాజిళ్లని చేతి పంపు మీద పెట్టి కొట్టి చూపించాడు, రెండు మంచులా చిమ్మాయి, ఒకటి ముక్కు కారినట్టు చుక్కలు కార్చింది. ఒక ఎలిమెంటు, ఒక వాల్వు, ఒక నాజిలు మార్చి, మిగతావి శుభ్రం చేసి, కాలిబ్రేషన్ చేసి (మూడు లైన్లూ సమంగా కొట్టేలా సరిచేసి) 4,600 తీసుకున్నాడు. తీసేసిన ముక్కలు పాత పేపర్లో చుట్టి నా చేతిలో పెట్టాడు. మన సామాను మనం అడక్కుండానే తిరిగిచ్చిన షాపు నా జన్మలో అదే మొదటిది.

అప్పటి నుంచి పంపు, నాజిళ్లు ఆయన దగ్గరే. ఎనిమిదేళ్లలో పంపు మళ్లీ రెండుసార్లే విప్పాం.

అసలు పరీక్ష 2020లో వచ్చింది. డిప్ స్టిక్ తీస్తే ఇంజనాయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంది. నీళ్లు కలిస్తే అంతే. ఊళ్లో మేస్త్రీ బ్లాకు పగిలింది, ఇంజను పాతసామానోడికి వేసేయమన్నాడు. ఈయన వచ్చి చూసి, మా ఇంజనుకి తడి లైనర్లు కదా, అంటే పిస్టన్ ఆడే గొట్టమైన లైనరు చుట్టూ నేరుగా నీళ్లే ఉంటాయి, కింద రబ్బరు రింగులు ఆపుతాయి, ముందు అవి చూద్దాం, బ్లాకు సంగతి తర్వాత అన్నాడు. అదే అయింది. రింగులు ఎండి పెంకుల్లా విరిగాయి. అయితే లైనర్లు కూడా అరిగాయి, డయల్ గేజ్ పెట్టి పైన, మధ్యలో, కింద కొలిచి షెడ్డు షట్టరు మీద సుద్దముక్కతో రాశాడు. పిస్టన్ పై రింగు వెనక్కి తిరిగే చోటే అరుగుదల ఎక్కువ, కింద దాదాపు కొత్తదే. ఆ సుద్ద లెక్క ఫోటో నా ఫోన్లో ఇంకా ఉంది.

క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దగ్గర మాత్రం నాకు ఆయన మీద నిజంగా గౌరవం కలిగింది. పక్కనే ఆయన చుట్టాలది గ్రైండింగ్ షాపు. దాన్ని పది థౌ (అంగుళంలో వెయ్యో వంతులు పది) కోయించేస్తే వాళ్లకి డబ్బు, ఈయనకి కొత్త సైజు బేరింగుల మీద లాభం. మైక్రోమీటరుతో ఒక్కో జర్నల్ (బేరింగు కూర్చునే గుండ్రటి చోటు) అడ్డంగా, నిలువుగా కొలిచి, "గుండ్రం చెడలేదు, పాలిష్ పట్టిస్తే చాలు. కోసిన ప్రతిసారీ దీని ఆయుష్షులో ఒక సైజు పోతుంది, ఈ బండికి క్రాంక్ మళ్లీ ఎక్కడ తెస్తావు?" అన్నాడు. కొత్త మోడల్ బండి అయితే కోసేసినా పెద్ద నష్టం లేదు, విడిభాగం దొరుకుతుంది. మనలాంటి బండికి అలా కాదు. ఆ తేడా తెలిసిన మేస్త్రీ దొరకడమే కష్టం.

ఇక లోపాలు. ఒకటి, రేపు అంటే వచ్చే గురువారం అని అర్థం. దమ్ము రోజుల్లో అయితే ఆ గురువారం కూడా అబద్ధమే. ఫోన్ ఎత్తడు. జీఎస్టీ బిల్లు అడిగితేనే ఇస్తాడు, అదీ మూడుసార్లు అడిగాక. కుర్రాళ్ల మీద అరుస్తాడు, మన ముందే, వినడానికి ఇబ్బందిగా ఉంటుంది. హైడ్రాలిక్ లిఫ్టు పని ముట్టుకోడు, నాకు రాదు పొమ్మంటాడు, ఆయన పంపిన ఇంకో షాపు పని నాకు నచ్చలేదు.

పెద్ద తప్పు కూడా ఒకటి చేశాడు. ఆ 2020 పనిలోనే లైనరు దించేటప్పుడు ఒక రబ్బరు రింగు మడత పడింది, పన్నెండు రోజులకి మళ్లీ సంపులోకి (కింద ఇంజనాయిలు ఉండే తొట్టిలోకి) నీళ్లు. కోపంతో ఊగిపోతూ వెళ్లా. ఆయన వాదించలేదు. విప్పి, నలిగిన రింగు నా చేతిలో పెట్టి, "ఇది మా కుర్రాడి చెయ్యి, నా కన్ను, ఇద్దరి తప్పూ" అన్నాడు. మజూరీ తీసుకోలేదు, గాస్కెట్, రింగులు ఆయనవే. ఇంజనాయిలు మాత్రం నేనే కొన్నా, నాలుగు రోజులు ధాన్యం తోలకం ఆగిపోయింది, ఆ నష్టం ఎవరూ ఇవ్వలేదు. ఆ నాలుగు రోజులు తల్చుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది, అయినా షాపు మార్చలేదు.

స్పేర్ల విషయంలో ఆయన పద్ధతి ఏమిటంటే, మూడు రకాలు బల్ల మీద పెట్టి రేటు చెప్పి, ఇది ఎన్నాళ్లు వస్తుందో, అది ఎన్నాళ్లు వస్తుందో చెప్పి మనల్నే ఎంచుకోమంటాడు. లోకల్ సరుకుని లోకల్ అనే అంటాడు. డబ్బా కంపెనీది, లోపల సరుకు వేరేది అయిన బేరింగు ఒకటి పట్టుకుని కొట్టువాడికి వెనక్కి పంపడం కళ్లారా చూశా. అలాగని నేను కళ్లు మూసుకుని ఉండను. ఈయన దగ్గరికి కూడా పంపు ఇచ్చే ముందు రేకు మీద నంబరు ఫోటో తీసుకుంటా, బాడీ మీద మూలన ఆకురాయితో చిన్న గీత గీస్తా. మొదట్లో దాచుకుని గీసేవాణ్ణి, ఇప్పుడు ఆయన ముందే గీస్తున్నా. ఆకురాయి కూడా ఆయనదే.

ఈ జూన్‌లో స్టార్టింగ్ కాస్త బరువుగా ఉందని పంపు చూపిద్దామని బండిని ట్రక్కుతో (ట్రాలీతో) సహా తోలుకెళ్లా. రెండు నిమిషాలు ఇంజను చప్పుడు విన్నాడు, బ్యాటరీ టెర్మినల్ మీద పేరుకున్న తెల్లటి బూజు గీకి, మరలు బిగించి, మళ్లీ స్టార్ట్ చేయమన్నాడు. పట్టుకుంది. పంపు విప్పుదామా అంటే ఇంకో రెండు పంటలు తోలు, అప్పుడు రా అని పంపేశాడు. టీలు మాత్రం నా ఖాతాలో తాగారు, ఆయనా, కుర్రాళ్లూ, పక్క గ్రైండింగ్ షాపువాళ్లూ కలిపి తొమ్మిది.