జారుడుబల్ల ఉన్న రైలు పెట్టె: నాలుగేళ్ల పిల్లాడితో స్విట్జర్లాండ్ ఫ్యామిలీ కోచ్, ట్రావెల్ పాస్

యూరప్ వెళ్లొచ్చామంటే అందరూ మొదట అడిగేది ఈఫిల్ టవర్ గురించి, మంచు గురించి. మా నాలుగేళ్ల చిన్నోణ్ని అడిగితే మాత్రం "రైల్లో జారుడుబల్ల ఉంది" అంటాడు. నేనూ దాని గురించే రాస్తున్నాను. పిల్లల్ని వెంటేసుకుని వెళ్లేవాళ్లకి ఇంతగా పనికొచ్చింది మాకు అక్కడ ఇంకోటి కనిపించలేదు.

2024 మే నెలలో మేము ముగ్గురం పారిస్‌లో మూడు రోజులు ఉండి, అక్కణ్నుంచి నాలుగ్గంటల రైలు ప్రయాణంతో జ్యూరిక్ వచ్చాం. పారిస్ బాగుంది. కానీ పిల్లాడి తోపుడు బండి పట్టుకుని మెట్లు ఎక్కీ దిగీ మా ఆయన నడుం పట్టేసింది. నాకైతే రైల్లో చిన్నోడు అరిస్తే చుట్టుపక్కలవాళ్లు ఏమనుకుంటారో అన్న టెన్షన్ ఒకటి. అక్కడి రైళ్లలో జనం చాలా నెమ్మదిగా మాట్లాడుకుంటారు. మనవాడికి గొంతు తగ్గించడం తెలీదు. "నెమ్మదిగా నాన్నా" అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

జ్యూరిక్ నుంచి బెర్న్ వెళ్లే డబుల్ డెక్కర్ ఇంటర్‌సిటీ ఎక్కిన రోజు ఆ టెన్షన్ పోయింది. స్విస్ రైల్వే వాళ్లు ఈ బళ్లకి ఫ్యామిలీ కోచ్ అని ఒక పెట్టె తగిలిస్తారు. కింది అంతస్తులో తోపుడు బళ్లు పెట్టుకోవడానికి చోటు ఉంది. మెట్లెక్కి పైకి వెళ్తే పిల్లలు ఆడుకునే జాగా. దాని పేరు టికీ పార్క్. గోడలమీద అడవి బొమ్మలు, ఎక్కడానికి మెట్లు, జారడానికి బల్ల. పక్కనే పెద్దవాళ్లకి సీట్లు. సీట్ల ముందున్న కొన్ని బల్లలమీద పాచికలతో ఆడుకునే ఆటల గళ్లు అచ్చువేసి ఉన్నాయి. సెకండ్ క్లాస్ టికెట్ ఉంటే చాలు, దీనికి విడిగా డబ్బు కట్టక్కర్లేదు. సీటు రిజర్వేషన్ కూడా అవసరం లేదు.

చిన్నోడు ఆ మెట్ల దగ్గరికి వెళ్లి ఆగిపోయాడు. అక్కడ అప్పటికే నలుగురు పిల్లలు ఉన్నారు. వాడికి తెలుగు తప్ప రాదు, వాళ్లు మాట్లాడేది జర్మన్. పసుపు రంగు బూట్లు వేసుకున్న ఒక పాప, అయిదారేళ్లు ఉంటాయేమో, వీడి చొక్కా చెయ్యి పట్టుకుని తన వెనక నిలబెట్టుకుంది. తను జారింది. కింద నుంచి వీడికేసి చెయ్యి ఊపింది. అంతే, వీడు జారాడు. తర్వాత అరగంట పాటు "నా వంతు, నా వంతు" అని వీడు తెలుగులోనే అరుస్తున్నాడు, వాళ్లకీ అర్థమైపోతోంది. ఒక్కరు కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఆ పెట్టెలో కూర్చున్నవాళ్లంతా మాలాంటివాళ్లే. ఒకాయన మోకాలిమీద పళ్లెం పెట్టుకుని పిల్లకి బ్రెడ్ ముక్కలు తినిపిస్తున్నాడు, ఒకావిడ ఒళ్లో పిల్లాణ్ని పడుకోబెట్టుకుని కునుకు తీస్తోంది. పారిస్‌లో దిగిన దగ్గర్నుంచి మేమిద్దరం పక్కపక్కన కూర్చుని వేడి కాఫీ తాగింది ఆ రోజే.

జ్యూరిక్ నుంచి బెర్న్‌కి 56 నిమిషాలు. దిగేటప్పుడు వాడు ఏడ్చాడు.

ఎక్కేముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. ఈ పెట్టె చాలాసార్లు బండికి ఒక కొసన ఉంటుంది, బళ్లేమో చాలా పొడుగు. మేము మొదటిసారి చూసుకోకుండా ప్లాట్‌ఫాం ఈ చివర నిలబడి, బండి వచ్చాక ఆ చివరకి పరిగెత్తాం. ఒక చేత్తో సూట్‌కేసు, ఇంకో చేత్తో పిల్లాడు. అలా పరిగెత్తక్కర్లేదు. ప్లాట్‌ఫాంమీద ఎ, బి, సి, డి అని సెక్టార్లు రాసి ఉంటాయి. స్విస్ రైల్వే యాప్‌లో బండిని తెరిస్తే ఏ పెట్టె ఏ సెక్టార్‌లో ఆగుతుందో, ఫ్యామిలీ కోచ్ ఉందో లేదో చూపిస్తుంది. అన్ని బళ్లకీ ఇది ఉండదు కాబట్టి పొద్దున్నే చూసి పెట్టుకుంటే నయం. ఒక బండి వదిలేసి తర్వాతి దానిలో వెళ్లినా నష్టం లేదు. ఇక్కడే పాస్ సంగతి వస్తుంది.

మేము తీసుకున్నది స్విస్ ట్రావెల్ పాస్, వరసగా 4 రోజులది, సెకండ్ క్లాస్. ఇది ఉంటే ఆ నాలుగు రోజులూ విడిగా టికెట్ కొనకుండా ఎన్ని రైళ్లయినా ఎక్కొచ్చు. అప్పట్లో ఒకరికి 295 ఫ్రాంకులు, అంటే మన డబ్బుల్లో సుమారు 27 వేలు. ఇద్దరికీ కలిపి 54 వేలు అనేసరికి మా ఆయన రెండు రోజులు ఆలోచించారు. దానికితోడు మా ఊళ్లో ఒక ట్రావెల్స్ వాళ్లు పిల్లాడికి కూడా పాస్ కొనాలన్నారు. అది నిజం కాదు. ఆరేళ్లలోపు పిల్లలు తల్లిదండ్రులతో ఉంటే టికెట్టే అక్కర్లేదు. ఎవరైనా అలా అంటే స్విస్ వాళ్ల వెబ్‌సైట్ తెరిచి మీరే చదువుకోండి. యూరప్‌లో చాలా దేశాలకి పనికొచ్చే షెంగెన్ వీసాకి కూడా ఆరేళ్లలోపు పిల్లలకి ఫీజు లేదు.

పాస్ గొప్పతనం డబ్బు మిగలడం ఒక్కటే అనుకున్నాను. కాదు. బెర్న్‌లో సామాను స్టేషన్ లాకర్‌లో పడేసి, ఆరె నది ఒడ్డున పార్కులో ఉన్న ఎలుగుబంట్లని చూసి, సాయంత్రం ఇంటర్‌లాకెన్ బండి కోసం స్టేషన్‌కి వచ్చేసరికి చిన్నోడు మా ఆయన భుజంమీదే నిద్రపోయాడు. లాకర్‌లో సామాను తీయాలి, వాణ్ని దించాలి, తోపుడు బండి మడవాలి. రైలుకి ఇంకా ఆరు నిమిషాలే ఉంది. టికెట్ ఆ బండికే అయితే ఏం చేసేవాళ్లమో గానీ, "పోనీలే" అని వదిలేశాం. బెంచీమీద కూర్చున్నాం. అరగంటకల్లా ఇంకోటి వచ్చింది. చంటిపిల్లలున్న ఇంట్లో గడియారం మనం చెప్పినట్టు నడవదు కదా, ఈ పాస్ ఆ సంగతి తెలిసినవాళ్లు తయారుచేసినట్టుంది.

గడియారం అంటే గుర్తొచ్చింది. స్విస్ స్టేషన్లలో తెల్లటి గుండ్రటి గడియారాలు ఉంటాయి. స్విస్ రైల్వే ఇంజనీరు హాన్స్ హిల్‌ఫికర్ 1944లో రూపొందించినవి. గార్డు చూపించే ఎర్ర బిళ్ల ఆకారంలో ఉండే సెకన్ల ముల్లు ఆ తర్వాత చేర్చారు. అది దాదాపు 58 సెకన్లలో చుట్టు తిరిగేసి 12 దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది, నిమిషం ముల్లు ముందుకి గెంతగానే మళ్లీ బయల్దేరుతుంది. చిన్నోడు దీన్ని ఎలా కనిపెట్టాడో కనిపెట్టాడు. "ఆగిందమ్మా... ఆ, వెళ్లిపోయింది!" బెర్న్‌లో ఆ అరగంటలో నిద్రలేచాక వాడు చేసిన పని అదే.

ఇంటర్‌లాకెన్ నుంచి లూసెర్న్ వెళ్లే దారి దాదాపు రెండు గంటలు. వెయ్యి మీటర్ల ఎత్తున బ్రూనిగ్ కనుమ దాటుతుంది. పెద్ద పెద్ద అద్దాలు, పక్కనే బ్రియెంజ్ సరస్సు. మాకు కన్నులపండువ. కానీ ఆ బండిలో జారుడుబల్ల లేదు, నలభై నిమిషాలకే వాడు విసిగిపోయాడు. అందుకని బొమ్మల పుస్తకం, అటుకుల డబ్బా చేతిసంచిలోనే ఉంచుకోండి.

పాస్‌తో మాకు బాగా కలిసొచ్చింది రిగి కొండ. మంచుకొండల మీద ఉండే యుంగ్‌ఫ్రావ్‌యోక్ స్టేషన్‌కి వెళ్లలేదు. అది 3,454 మీటర్ల ఎత్తు. అంతెత్తుకి నాలుగేళ్లవాణ్ని తీసుకెళ్లడానికి నాకు మనసొప్పలేదు. పైగా అక్కడ ఈ పాస్‌కి 25 శాతం తగ్గింపే. రిగికి మాత్రం పైసా కట్టక్కర్లేదు. లూసెర్న్‌లో పడవెక్కితే గంటలో విట్జ్‌నౌ రేవు, అక్కడ ఎర్ర రైలు. 1871లో మొదలైన ఆ లైను యూరప్‌లోనే మొట్టమొదటి కొండ రైలు. పట్టాల మధ్యలో ఇనుప నిచ్చెన పడుకోబెట్టినట్టు ఉంటుంది, రైలు కిందున్న పళ్ల చక్రం ఆ మెట్లలో కాలు పెట్టుకుంటూ పైకి ఎక్కుతుంది. రేవు దగ్గరే వంగి చూపించాను. "రైలుకి పళ్లున్నాయి" అని వాడు దారంతా పక్క సీట్లవాళ్లకి చెబుతూనే ఉన్నాడు. పైన 1,798 మీటర్ల దగ్గర పొగమంచు. సరస్సు కనపడలేదు. డబ్బు పెట్టి ఎక్కి ఉంటే ప్రాణం ఉసూరుమనేది. మేము మాత్రం మంచు గుప్పెట్లో పట్టుకుని ఆడుకుని, రెండో వైపు నీలం రైలెక్కి ఆర్ట్-గోల్డౌకి దిగిపోయాం. ఎక్కేది ఎరుపు, దిగేది నీలం. వాడికి అంతకంటే ఏం కావాలి?

తిండి విషయం క్లుప్తంగా చెబుతాను. ఆదివారం ఊళ్లో సూపర్ మార్కెట్లు మూసేస్తారు, పెద్ద స్టేషన్లలో ఉన్నవి తెరిచి ఉంటాయి. ఏమీ కలపని పెరుగు దొరుకుతుంది, మన పెరుగన్నానికి ఇబ్బంది లేదు. చిన్న కరెంటు కుక్కర్ తీసుకెళ్లాం. కాకపోతే పారిస్‌లో వాడిన లావుపాటి గుండ్రటి అడాప్టర్ స్విస్ సాకెట్‌లో దూరదు. అక్కడి సాకెట్ లోపలికి ఉంటుంది, ఆకారం వేరు. ఆ రాత్రి చిన్నోడు పెరుగులో అటుకులు నానబెట్టుకుని తిని పడుకున్నాడు. స్విస్ అడాప్టర్ ముందే కొనుక్కోండి.

మూణ్నాలుగు ఊళ్లు తిరిగేవాళ్లు పాస్ కొనుక్కుంటే ఒడ్డున పడతారు. ఒకే ఊళ్లో ఉండి చుట్టూ నడిచి చూసేవాళ్లు విడి టికెట్ల ధరలతో పోల్చి లెక్క వేసుకోండి. రేటింగ్ అడిగితే ఫ్యామిలీ కోచ్‌కి అయిదుకి అయిదు, పాస్‌కి నాలుగున్నర. ఆ అర తగ్గించింది ధరకి.

వచ్చే వేసవిలో మా ఆడపడుచు వాళ్లు వెళ్తున్నారు. వాళ్ల పిల్లలకి ఏడు, పదేళ్లు. ఆరు నుంచి పదిహేనేళ్ల పిల్లలకి స్విస్ ఫ్యామిలీ కార్డు ఇస్తారు, అదీ ఉచితమే. తల్లిదండ్రుల్లో ఒకరికి పాస్ ఉండి, పిల్లలు వాళ్లతోనే ప్రయాణం చేస్తే చాలు. కానీ పాస్ కొనేటప్పుడే అడిగి తీసుకోవాలి. "వదినా, పాస్ బుక్ చేసేరోజు నాకు ఫోన్ చెయ్యి" అని ఇప్పటికే రెండుసార్లు చెప్పాను.