బెర్లిన్ నుంచి గ్దాన్స్క్ దాకా: ఎక్కడ ఆగాలి, ఎక్కడ జేబు జాగ్రత్త

బెర్లిన్‌లో ఎవరైనా మిమ్మల్ని చెక్‌పాయింట్ చార్లీకి, అంటే ఒకప్పుడు తూర్పు, పశ్చిమ బెర్లిన్‌ల మధ్య సరిహద్దు దాటిన చోటికి, తీసుకెళ్తామంటే మొహమాటం లేకుండా వద్దనండి. అక్కడున్న గార్డు గుడిసె నకలు. అసలుదాన్ని 1990 జూన్‌లోనే క్రేన్‌తో ఎత్తుకుపోయారు. చుట్టూ ఫాస్ట్‌ఫుడ్ షాపులు, సోవియట్ టోపీలు, ‘ఒరిజినల్ గోడ ముక్క’ అని అమ్మే రంగు పూసిన సిమెంటు పెచ్చులు. 1961 అక్టోబరులో అమెరికా ట్యాంకులు, సోవియట్ ట్యాంకులు ఎదురెదురుగా నిలబడింది ఇక్కడేనని ఆ రద్దీలో తోచనే తోచదు. ఫోటో కావాలంటే ఒకటి తీసుకుని, పడమర వైపు ఓ పది నిమిషాలు నడవండి.

విల్‌హెల్మ్ స్ట్రాసె, లైప్‌జిగర్ స్ట్రాసె కలిసే మూలలో ఒక పెద్ద బూడిదరంగు ఆఫీసు ఉంటుంది. జర్మనీ ఆర్థిక మంత్రిత్వ శాఖ. లోపలికి రానివ్వరు, రానక్కర్లేదు కూడా. 1930లలో హిట్లర్ మంత్రి గోరింగ్ వైమానిక శాఖ కోసం కట్టారు. యుద్ధంలో పెద్దగా దెబ్బ తినలేదు కాబట్టి 1949 అక్టోబరు 7న తూర్పు జర్మనీ అనే దేశాన్ని ఇందులోనే ప్రకటించారు. స్తంభాల వెనక గోడ మీద మైసెన్ పింగాణీ పలకలతో చేసిన పొడవాటి బొమ్మ ఉంది. మాక్స్ లింగ్నర్ అనే చిత్రకారుడి పని, 1953 మొదట్లో పూర్తయింది. జెండాలు పట్టుకున్న పిల్లలు, చేతులు కలుపుతున్న కార్మికులు, ఆ వెనక రైతులు, అందరూ నవ్వుతూనే ఉంటారు. ఆ ఏడాది జూన్‌లోనే, స్టాలిన్ అల్లే అనే వీధి నిర్మాణ పనుల్లో ఉన్న కూలీలు పని కోటా పది శాతం పెంచినందుకు పనిముట్లు కింద పడేసి, నడుచుకుంటూ వచ్చి సరిగ్గా ఈ బిల్డింగు ముందే నిలబడ్డారు. మర్నాడు, జూన్ 17న, సోవియట్ ట్యాంకులు దిగాయి. కనీసం 55 మంది చనిపోయారు.

ఇప్పుడు ఆ బొమ్మ ముందు, కాళ్ల కింద నేలలో, అద్దం వేసి అంతే పొడవున ఒక ఫోటో పరిచారు. అందులో ఊరేగింపుగా వస్తున్న ఆ కూలీలే ఉన్నారు. తలెత్తితే పింగాణీ నవ్వులు, దించితే గరుకు ఫోటోలో అలసిన మొహాలు. మా ఆవిడ అద్దం మీద కాలు పెట్టడానికి ఇష్టపడక చుట్టూ తిరిగి వచ్చింది. టికెట్ లేదు, క్యూ లేదు. మేమున్నంతసేపూ ఇంకో ఇద్దరు కనిపించారేమో, అంతే.

ఈ బిల్డింగు కథ అక్కడితో ఆగలేదు. గోడ కూలాక ట్రాయ్‌హాండ్ అనే సంస్థ ఇందులో కూర్చుంది. తూర్పు జర్మనీ ప్రభుత్వ కంపెనీలు ఎనిమిది వేలకు పైగా, వాటిలో దాదాపు 40 లక్షల ఉద్యోగాలు, అన్నీ దాని చేతికిచ్చి అమ్మేయమన్నారు. దాని అధిపతి రోవెడర్‌ను 1991 ఏప్రిల్ 1న ఇంట్లోనే కాల్చి చంపారు. బిల్డింగుకి ఇప్పుడు ఆయన పేరే. అంతకుముందే, 1990 జులై 1న, తూర్పు జీతాలను ఒకటికి ఒకటి లెక్కన పశ్చిమ మార్కుల్లోకి మార్చారు. జనం సంబరపడ్డారు, కానీ వాళ్ల ఫ్యాక్టరీల సరుకు రాత్రికి రాత్రి ఎవరూ కొనలేనంత ఖరీదైపోయింది. గోడ గురించి బెర్లిన్‌లో వంద చోట్ల చెబుతారు. ఈ కరెన్సీ సంగతి ఎవరూ అంతగా చెప్పరు. తూర్పు యూరప్‌లో మనుషుల బతుకులు ఎలా తిరగబడ్డాయో తెలియాలంటే నా లెక్కలో ఇదే ముఖ్యం. ఈ ట్రిప్పులో ఊళ్లకు మార్కులు వేసింది కూడా దీన్ని బట్టే.

బెర్లిన్‌లో మిగతావి క్లుప్తంగా. బెర్నావర్ స్ట్రాసె గోడ స్మారకం ఉచితం, తప్పక చూడాలి. అక్కడ ఇళ్లు తూర్పులో, వాటి ముందు ఫుట్‌పాత్ పశ్చిమంలో ఉండేవి, అందుకే జనం కిటికీల్లోంచి దూకారు. ఎదురుగా ఉన్న టవర్ ఎక్కితేనే మధ్యలో వదిలేసిన ఖాళీ నేల వెడల్పు తెలుస్తుంది. ఫ్రెడ్రిక్ స్ట్రాసె స్టేషన్ పక్కన ట్రానెన్‌పలాస్ట్, అంటే కన్నీళ్ల భవనం, అదీ ఉచితమే. పశ్చిమానికి తిరిగి వెళ్లే చుట్టాలను సాగనంపిన చోటు. పాస్‌పోర్టు చూసే ఇరుకు క్యాబిన్ అలాగే ఉంచారు, బ్యాగు తగిలించుకుని అందులోకి వెళ్లి చూడండి, ఒక్క మనిషి పట్టడమే కష్టం. టెంపెల్‌హోఫ్ పాత విమానాశ్రయం ఇప్పుడు పార్కు. 1948–49లో స్టాలిన్ దారులన్నీ మూసేసినప్పుడు పశ్చిమ బెర్లిన్‌కు బొగ్గు, పిండి దిగిన ఎయిర్‌పోర్టుల్లో ఇదొకటి. రన్‌వే మీద సైకిల్ తొక్కుకోవచ్చు. ఎండాకాలం మధ్యాహ్నం మాత్రం వెళ్లకండి, చెట్టు నీడన్నది ఉండదు.

బస కోసం కార్ల్ మార్క్స్ అల్లేకి దగ్గర్లో, తూర్పు జర్మనీ రోజుల్లో కాంక్రీటు పలకలు పేర్చి కట్టిన అపార్ట్‌మెంటులో ఒక ఫ్లాట్ తీసుకున్నాం. స్టాలిన్ అల్లేకి ఇప్పటి పేరే కార్ల్ మార్క్స్ అల్లే. ట్రామ్, మెట్రో రెండూ నడక దూరంలో, వంటిల్లుంది, కింద సూపర్ మార్కెట్. ఇబ్బందల్లా ఓనరు గారే. తాళం పెట్టెకి ఆయన పంపిన కోడ్ పని చేయలేదు, ఫోన్ ఎత్తలేదు, వానలో సామాను పెట్టుకుని గంటసేపు గుమ్మం ముందు నిలబడ్డాం. పైకి వెళ్లాక చూస్తే చెత్తను ఎన్ని డబ్బాల్లో వేరు చేయాలో రెండు పేజీలు రాసి పెట్టాడు, ఫ్యాన్ మాత్రం లేదు. పక్క ఫ్లాట్లో తుమ్మితే మనకి వినిపిస్తుంది. అయినా ఆ డబ్బుకి సిటీ మధ్యలో హోటల్ గది దొరకదు. మళ్లీ వెళ్తే అదే ఏరియాలో ఉంటాం, వేరే ఓనరు దగ్గర.

అక్కడ ఎమ్మెస్ చదువుతున్న మా మేనల్లుడు మొదటి రోజే చెప్పాడు, “మామయ్యా, టికెట్ కొంటే సరిపోదు, మెషీన్లో పెట్టి స్టాంప్ వేయాలి, లేదంటే 60 యూరోలు ఫైన్.” రోజంతా తిరిగే టికెట్ కొనుక్కోవడం మేలు. ఆదివారం సూపర్ మార్కెట్లు మూసేస్తారు, శనివారమే పాలు, కూరలు తెచ్చి పెట్టుకోండి. తిండికి క్రోయిట్స్‌బెర్గ్‌లో టర్కీ వాళ్ల హోటళ్లు మనకి సరిగ్గా సరిపోతాయి, పప్పు సూపు, వేడి రొట్టె, పెరుగు. వాళ్లు ఇక్కడికి వచ్చిన తీరులో కూడా గోడకు భాగం ఉంది. 1961 ఆగస్టులో గోడ కట్టేసరికి తూర్పు నుంచి పనివాళ్లు రావడం ఆగిపోయింది, అక్టోబరులో పశ్చిమ జర్మనీ టర్కీతో కూలీల ఒప్పందం చేసుకుంది.

ఐజెన్‌హ్యుటెన్‌స్టాట్ పేరు పలకడానికి నోరు తిరగదు గానీ, ఈ ట్రిప్పులో నాకు బాగా నచ్చిన ఊరు ఇదే. బెర్లిన్ నుంచి ప్రాంతీయ రైల్లో రెండు గంటల లోపే, ఒక్క రోజులో వెళ్లి రావచ్చు. 1950లో ఉక్కు ఫ్యాక్టరీతో పాటు ఖాళీ నేల మీద లేపిన ఊరు. 1953 నుంచి 1961 దాకా పేరు స్టాలిన్‌స్టాట్. ఇళ్లను ఒకటి, రెండు, మూడు అని నంబర్లేసి కాంప్లెక్సులుగా కట్టారు. ఒక్కో దానికి లోపల తోట, పిల్లల బడి, కొట్లు. తోరణాల కిందనుంచి లోపలి తోటలోకి వెళ్లగానే గాజువాక అమ్మాయి అయిన మా ఆవిడ, “ఏమండీ, మన ఉక్కునగరం సెక్టార్లే కదూ?” అంది. విశాఖ ఉక్కుకీ సోవియట్ సాయమే అందింది, కాబట్టి ఆ పోలిక ఊరికే తోచింది కాదు. ఆ ఫ్యాక్టరీని అమ్మాలన్న 2021 నిర్ణయం మీద వాళ్లింట్లో ఇప్పటికీ వాదనలే. అందుకే ఇక్కడ ఏం జరిగిందో ఆమె నాకంటే శ్రద్ధగా చదివింది. ఫ్యాక్టరీ మూతపడలేదు. 1990లలో బెల్జియం కంపెనీ కొంది, చేతులు మారి మారి ఇప్పుడు ఆర్సెలర్ మిట్టల్ దగ్గరుంది. గేటు ముందు రాజస్థానీ ఇంటిపేరు చూసి మేమిద్దరం నవ్వుకున్నాం. కానీ ఒకప్పుడు పన్నెండు వేల మంది పని చేసిన చోట ఇప్పుడు మూడు వేల లోపే. 50 వేలు దాటిన జనాభా దాదాపు సగానికి పడిపోయింది. వేల ఫ్లాట్లు కూల్చేశారు. 2025లో రెండు వారాలు ఉచితంగా ఉండి చూడండి, నచ్చితే ఇక్కడే స్థిరపడండి అని మునిసిపాలిటీయే జనాన్ని పిలిచింది.

పాత శిశు సంరక్షణ కేంద్రంలో తూర్పు జర్మనీ రోజువారీ జీవితం మీద చిన్న మ్యూజియం ఉంది. మెట్ల దగ్గర వాల్టర్ వోమాకా చేసిన రంగు గాజు కిటికీలు, లోపల వాళ్లు వాడిన మిక్సీలు, రేడియోలు, ప్లాస్టిక్ గిన్నెలు. బెర్లిన్‌లో ఇలాంటివే మీటలు నొక్కే ఆటలా చూపించే చోట్లున్నాయి, టికెట్ ఎక్కువ, జనం ఎక్కువ. ఇక్కడ నిదానంగా చూడొచ్చు. ఊళ్లో తినడానికి మాత్రం పెద్దగా ఏమీ లేదు, మధ్యాహ్నం రెండు దాటితే అసలు లేదు. పులిహోర కట్టుకెళ్లి బతికిపోయాం. రాత్రి బస అవసరం లేదు.

బెర్లిన్ నుంచి పోలండ్‌లోని క్రాకోవ్‌కి పగటి రైలు ఎక్కితే ఏడెనిమిది గంటలు. వీసా అదే షెంజెన్, డబ్బు మాత్రం జ్లోటీల్లోకి మారుతుంది. ఏటీఎం ‘మీ కరెన్సీలో లెక్క కట్టమంటారా’ అని అడిగితే వద్దని నొక్కండి, ఆ మాయలో చాలా పోతుంది.

క్రాకోవ్ పాతబస్తీ అందం గురించి అందరూ రాస్తారు, నేను రాయను. ట్రామ్ ఎక్కి నోవా హుతాకి వెళ్లండి. 1947లో పోలండ్‌కు మార్షల్ ప్లాన్ డబ్బు, అంటే యుద్ధం తర్వాత యూరప్ కోలుకోవడానికి అమెరికా ఇచ్చిన సాయం, తీసుకోవాలని ఉన్నా మాస్కో ఒప్పుకోలేదు. ఆ తర్వాత 1949లో మొదలైంది ఈ ఉక్కు ఊరు. కార్మికులకు చర్చి అక్కర్లేదని ప్లానులో పెట్టలేదు. 1960లో అధికారులు చర్చి స్థలంలోని శిలువ పీకబోతే వీధుల్లో గొడవలయ్యాయి. చివరికి 1977లో నావ ఆకారంలో ఉన్న ఆర్కా పానా చర్చిని ప్రారంభించింది కార్డినల్ వోయ్‌తివా, మరుసటి ఏడాది పోప్ అయింది ఆయనే. మధ్యలో ఉన్న కూడలికి ఇప్పుడు రోనాల్డ్ రీగన్ పేరు. లెనిన్ విగ్రహం 1989 డిసెంబరులో దిగిపోయి, స్వీడన్‌లో ఒక కౌబాయ్ థీమ్ పార్కుకి చేరింది. దాదాపు 40 వేల మంది పని చేసిన ఫ్యాక్టరీ కూడా మిట్టల్ చేతికే వచ్చింది, 2020లో బ్లాస్ట్ ఫర్నేస్ ఆపేశారు.

ఇక్కడ తూర్పు జర్మనీలో తయారైన పాత ట్రాబాంట్ కార్లలో తిప్పే టూర్లుంటాయి. మేము తీసుకున్న దాంట్లో గైడు అబ్బాయి జోకులే ఎక్కువ, ఫ్యాక్టరీ గురించి అడిగితే దాటేశాడు, చర్చి దగ్గర ఐదు నిమిషాలు కూడా ఆపలేదు. ఆ డబ్బులో పదో వంతు పెట్టినా ట్రామ్ టికెట్, పాత సినిమా హాల్లో ఉన్న నోవా హుతా మ్యూజియం, కింద అణుబాంబు షెల్టర్ అన్నీ సొంతంగా అయిపోతాయి. భోజనం మిల్క్ బార్‌లో చేయండి. సర్కారు సబ్సిడీతో నడిచే క్యాంటీన్లు ఇవి, కమ్యూనిజం పోయినా మిగిలాయి. బంగాళదుంప, జున్ను పెట్టిన పియరోగీ అనే కుడుములు బాగుంటాయి. శాకాహారులు ఆర్డరు చేసేటప్పుడే పైన ఏం వేస్తారని అడగాలి, వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లే అలవాటుంది.

గ్దాన్స్క్‌కి ఫాస్ట్ ట్రైన్‌లో అయిదున్నర గంటలు పట్టింది. బస వ్జెష్చ్ అనే పేటలో చూసుకోండి. లోకల్ ట్రైన్ నిమిషాల్లో సిటీలోకి తెస్తుంది, రేట్లు పాతబస్తీ కన్నా బాగా తక్కువ. షిప్‌యార్డు పేరుతోనే ఒక స్టేషన్ ఉంది, అక్కడ దిగితే 1970 సమ్మెల్లో చనిపోయిన కార్మికుల కోసం నిలబెట్టిన 42 మీటర్ల మూడు శిలువలు, రెండో నంబరు గేటు, తుప్పు రంగు ఉక్కుతో ఓడ పొట్టలా ఉన్న యూరోపియన్ సాలిడారిటీ సెంటర్ కనిపిస్తాయి. ఈ ట్రిప్పులో టికెట్ కొని చూసిన వాటిలో ఇదే నంబర్ వన్. ఆడియో గైడు బాగుంది, మీరు నడిచిన చోటికి తగ్గట్టు అదే మాట్లాడుతుంది.

రిటైర్మెంట్‌కి అయిదు నెలలుండగా అన్నా వలెంటినోవిచ్ అనే క్రేన్ ఆపరేటర్‌ను ఉద్యోగంలోంచి తీసేశారు. 1980 ఆగస్టు 14న ఈ షిప్‌యార్డులో సమ్మె అక్కడ మొదలైంది. చెక్క పలకల మీద చేత్తో రాసిన 21 డిమాండ్లు ఉన్నాయి, మా ఆవిడ గైడు ఆపి ఒక్కొక్కటీ చదివించుకుంది. మొదటిది స్వతంత్ర యూనియన్. తర్వాత వచ్చేవి చూడండి: మాంసానికి రేషన్ కార్డులు, పిల్లలు పుట్టిన తల్లులకు మూడేళ్ల సెలవు, శనివారాలు సెలవు. ఏడాది తిరిగేసరికి కోటి మంది చేరిన సాలిడారిటీ ఉద్యమం ఇదే. పదహారు నెలలకి సైనిక పాలన వచ్చింది. 1989 జూన్ ఎన్నికల్లో గెలిచింది వీళ్లే. 1990 జనవరిలో ధరల మీద సర్కారు అదుపు వదిలేస్తే ఆ ఒక్క నెలలోనే దాదాపు 80 శాతం పెరిగాయి. ఇదే షిప్‌యార్డు 1996లో దివాలా తీసింది. మ్యూజియం విజయం దగ్గర గట్టిగా మాట్లాడి, దివాలా దగ్గర కాస్త గొంతు తగ్గించిందని నాకనిపించింది. టికెట్ డబ్బు మాత్రం పూర్తిగా గిట్టుబాటయింది.

కనీసం మూడు గంటలు పెట్టుకుని పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి స్కూలు పిల్లల గుంపులు దిగుతాయి. పైకప్పు మీది డెక్‌కి లిఫ్టులో వెళ్లి క్రేన్లు చూడొచ్చు. ఎండాకాలమైతే వెనక షిప్‌యార్డు స్థలంలో కంటైనర్లలో పెట్టిన తిండి కొట్లు సాయంత్రం తెరుస్తారు, నది ఒడ్డు రెస్టారెంట్ల కంటే అక్కడ బిల్లు తక్కువ.