రెండర్ టోకెనా, అకాష్ టోకెనా?

ఖాళీగా పడి ఉన్న జీపీయూలను (గ్రాఫిక్స్, ఏఐ లెక్కలు వేగంగా చేసే చిప్‌లను) అవసరమైనవాళ్లకు అద్దెకిప్పించడమే ఈ రెండు క్రిప్టో నెట్‌వర్క్‌ల పని; టోకెన్ అంటే వాటి సొంత క్రిప్టో నాణెం. దారులే వేరు.

రెండర్ పుట్టింది గ్రాఫిక్స్ కోసం. త్రీడీ కళాకారులు ఆక్టేన్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేసిన సీన్ పంపిస్తే, ఫ్రేములు ఎక్కడెక్కడి కంప్యూటర్లలోనో తయారై తిరిగొస్తాయి. ఈ నెట్‌వర్క్ 2023లో ఈథీరియం అనే బ్లాక్‌చెయిన్ (లావాదేవీలు నమోదయ్యే ఉమ్మడి చిట్టా) నుంచి సొలానా అనే మరో చైన్‌కు మారింది. పనికి చెల్లించిన టోకెన్లను చలామణిలో లేకుండా కాల్చేస్తారు, జీపీయూ ఇచ్చినవాళ్లకు కొత్తవి పుట్టిస్తారు. నేను ముందు చూసేది ఈ లెక్కే. పుట్టేవాటితో పోలిస్తే కాలేవి మరీ తక్కువైతే, ధర పెరిగినా అది అసలు వాడకం వల్ల కాదు. కొనేముందు దయచేసి ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి.

అకాష్ 2020లో కాస్మాస్ ఎస్‌డీకేతో (బ్లాక్‌చెయిన్లు కట్టుకునే సాఫ్ట్‌వేర్ పనిముట్లతో) కట్టిన సొంత చైన్‌గా మొదలైంది. జీపీయూలు వచ్చింది మాత్రం 2023లో. ఇక్కడ వేలం తిరగేసి నడుస్తుంది: ఎన్ని జీపీయూలు, ఎంత మెమరీ కావాలో ఫైల్లో రాసి పెడితే, ఇచ్చేవాళ్లు ధరలు చెబుతారు, మీరు ఎంచుకుంటారు. పని కంటైనర్‌లో (ప్రోగ్రామ్‌నీ దానికి కావలసినవాటినీ కలిపి కట్టిన మూటలో) నడుస్తుంది కాబట్టి ఏఐ మోడల్ నడపాలనుకునేవాళ్లకు ఇదే అనువు.

టోకెన్ లెక్క అర్థం చేసుకోవడానికైతే రెండరే సులువు.