జోసెఫ్ జెంక్స్ వంశం వెతకాలంటే ఏది మేలు: అచ్చయిన వంశచరిత్రా, దస్తావేజులా, కోర్టు పుస్తకాలా?

మా కోడలి తల్లిగారి వైపు వాళ్ళు రోడ్ ఐలాండ్ వాళ్ళు. "మా మూలపురుషుడు జోసెఫ్ జెంక్స్, అమెరికాలో తొలితరం ఇనుప పనివాడు" అని ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటారు. నిరుడు మనవడికి స్కూల్లో వంశవృక్షం ప్రాజెక్టు ఇచ్చారు. మా వైపు నాలుగు తరాలు నోటితోనే చెప్పేశాను. వాళ్ళ వైపు నాలుగు వందల ఏళ్ళు వెనక్కి వెళ్ళాలి. ముప్ఫై ఏళ్ళు రిజిస్ట్రేషన్ ఆఫీసులో పాత దస్తావేజులు చదివినదాన్ని కాబట్టి ఆ పని నాకే అప్పజెప్పారు. ఇష్టంగానే తీసుకున్నాను.

జెంక్స్ లండన్‌లో కత్తులు చేసే ఇంట్లో పుట్టాడు. 1640లలో మాసచూసెట్స్‌లో పని మొదలుపెట్టాడు. బోస్టన్‌కి ఉత్తరాన సాగస్ నది ఒడ్డున అప్పట్లో హామర్‌స్మిత్ అనే ఇనుప కర్మాగారం ఉండేది. దాని చక్రాలు తిప్పి బయటికొచ్చే నీళ్ళనే కింద పట్టుకుని జెంక్స్ సొంత కార్ఖానా నడిపాడు. గడ్డి కోసే పొడుగు కొడవళ్ళు, పదును పనిముట్లు చేసే నీటియంత్రాల మీద 1646లో కాలనీ ప్రభుత్వం అతనికి 14 ఏళ్ళ ప్రత్యేక హక్కు ఇచ్చింది. కొడుకు జోసెఫ్ 1671లో రోడ్ ఐలాండ్ వైపు పాటకెట్ జలపాతం దగ్గర 60 ఎకరాలు కొని అక్కడ కొలిమి పెట్టాడు. 1676 ప్రాంతంలో వలసవాళ్ళకీ స్థానిక తెగలకీ జరిగిన కింగ్ ఫిలిప్ యుద్ధంలో అది తగలబడితే మళ్ళీ కట్టుకున్నాడు. మనవడి పేరు కూడా జోసెఫే. ఆయన 1727 నుంచి 1732 దాకా రోడ్ ఐలాండ్ గవర్నర్. తాత, తండ్రి, కొడుకు ముగ్గురూ జోసెఫ్‌లే. వెతికేవాళ్ళకి అసలు టెన్షన్ అక్కడ మొదలవుతుంది.

మొదట అందరిలాగే నేనూ అచ్చయిన వంశచరిత్ర తీశాను. చదవడం సుఖం. పేర్లు, తేదీలు, పిల్లల వరుస అన్నీ అమర్చి ఉంటాయి. పాత తరం రాతలు ఈ కుటుంబాన్ని వేల్స్ సరిహద్దు దొరల వంశానికి కలిపాయి. తర్వాత పరిశోధకులు లండన్ చర్చి రిజిస్టర్లు తిరగేస్తే 1599లో బ్లాక్‌ఫ్రయర్స్ పేటలో బాప్తిస్మం పొందిన పిల్లాడు కనిపించాడు. తండ్రి కత్తులు చేసేవాడు. ఒక్క పద్దుతో దొరల కథ పోయింది. నా లెక్కలో ఇప్పుడే వంశానికి గౌరవం పెరిగింది, ఎందుకంటే పనితనం తండ్రి చేతిలోంచి కొడుకు చేతిలోకి వచ్చిందని కాగితం మీద తేలింది. కాబట్టి అచ్చు పుస్తకాన్ని దారి చూపించే మనిషిలా వాడుకోండి, సాక్షిగా మాత్రం పిలవకండి. ఆన్‌లైన్ వంశవృక్షాలు చాలావరకు ఆ పుస్తకాలనే ఒకరి నుంచి ఒకరు ఎక్కించుకున్నవి.

నా ఓటు దస్తావేజులకి, వీలునామాలకి. నా ఉద్యోగం వల్ల పక్షపాతం అనుకోకండి, కారణాలున్నాయి.

భూమి ఉన్నవాడు ఊరికే పోడు, కాగితం వదిలి పోతాడు. మన దస్తావేజుల్లో నాలుగు వైపులా చెక్కుబంది రాసినట్టే అక్కడా హద్దులు రాస్తారు. ఫలానా ఓక్ చెట్టు దగ్గర మొదలుపెట్టి, ఇన్ని రాడ్లు నడిచి, రాళ్ళ కుప్ప దగ్గర తిరిగి, వాగు వెంట ఫలానా వాళ్ళ భూమి దాకా. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు. ఆ "ఫలానా వాళ్ళు" చాలాసార్లు అల్లుడో, బావమరిదో అవుతాడు. నేనైతే పొరుగువాళ్ళ పేర్లు వేరే కాగితం మీద రాసుకుని, వాళ్ళ దస్తావేజులు కూడా తీస్తాను. మన ఊళ్ళో పొలం తగాదా వచ్చినప్పుడు చేసే పనే ఇది.

భార్య సంగతి కూడా ఇక్కడే దొరుకుతుంది. భర్త చనిపోతే ఆస్తిలో మూడో వంతు మీద భార్యకి హక్కు ఉండేది. అందుకని భూమి అమ్మేటప్పుడు ఆ హక్కు వదులుకుంటున్నట్టు ఆమె కూడా సంతకమో గుర్తో పెట్టేది. చర్చి పుస్తకం పోయినా ఆమె పేరు దస్తావేజులో మిగులుతుంది. వీలునామా లేకుండా పోయినవాళ్ళ పంపకాలు ఇంకా నయం. మాసచూసెట్స్‌లో పెద్దకొడుక్కి రెండు వాటాలు, మిగతా పిల్లలకి తలా ఒకటి. వాటాలు లెక్కేస్తే ఎంతమంది పిల్లలో, పెద్దవాడెవడో తేలిపోతుంది.

రెండు చోట్ల జాగ్రత్త పడాలి. మొదటిది తేదీ. 1752 దాకా అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పెద్ద జెంక్స్ చనిపోయింది మన లెక్కలో 1683 మార్చి, ఆ కాలపు రాతలో 1682/3. ఇది తెలియక తండ్రి పోయాక కొడుకు పుట్టాడని రాసేసినవాళ్ళున్నారు. రెండోది ఊరు. మాసచూసెట్స్‌లో దస్తావేజులు కౌంటీలో ఉంటాయి, రోడ్ ఐలాండ్‌లో టౌన్ ఆఫీసులో. పాటకెట్ దగ్గర నదికి పడమటి ఒడ్డు అప్పట్లో ప్రావిడెన్స్ కిందికి వచ్చేది. తూర్పు ఒడ్డు 1862 దాకా మాసచూసెట్స్‌లో ఉంది. నేను మొదటి నెలంతా తప్పు ఒడ్డు మీద వెతికాను.

ఇప్పుడు వీటిలో చాలా పుస్తకాల ఫోటోలు ఫ్యామిలీసెర్చ్ సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. 2024 నుంచి చేతిరాతలో కూడా పేరు కొట్టి వెతకొచ్చు. కాకపోతే జెంక్స్ అని ఒక్కటే కొడితే చాలదు. జెంకెస్, జింక్స్ కూడా కొట్టాలి. ఆ రాతలో పొడుగు ఎస్ అక్షరం అచ్చం ఎఫ్‌లా కనిపిస్తుంది. స్క్రీన్ పెద్దది చేసుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం పోల్చుకుంటూ చదివితేనే పట్టుబడుతుంది.

దస్తావేజు ఇవ్వలేనిది కోర్టు పుస్తకం ఇస్తుంది. సాగస్ ఉన్న ఎసెక్స్ కౌంటీలో మూడు నెలలకోసారి కూర్చునే క్వార్టర్లీ కోర్టు రికార్డులు సంపుటాలుగా అచ్చయ్యాయి. 1652లో కొడుకు జోసెఫ్ భార్య ఎస్తర్ మీద వెండి లేసు వేసుకుందని కేసు పెట్టారు. అంతకు ముందు ఏడాదే ఒక చట్టం వచ్చింది: 200 పౌండ్ల ఆస్తి లేని ఇంటివాళ్ళు బంగారు, వెండి లేసు వేసుకోకూడదని. ఆ ఒక్క పద్దు చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయాను. పెళ్ళి అప్పటికే అయిందని, ఆమె పేరేమిటో, ఊరి పెద్దల కంట ఆ కుటుంబం ఏ మెట్టు మీద ఉందో అన్నీ అందులోనే ఉన్నాయి. తనకిష్టమైన లేసు కట్టుకుని బయటికి వచ్చిన ఒక అమ్మాయి కూడా కనిపించింది. ఆమె భర్త మీద 1660 ప్రాంతంలో ఇంకా పెద్ద అభియోగం. ఇంగ్లండ్ రాజు తన చేతికి చిక్కితే తల నరికి ఫుట్‌బాల్ ఆడతానన్నాడట. మాట జారినందుకు రాజద్రోహం అన్నారు, చివరికి బయటపడ్డాడు. వంశచరిత్రలో ఇలాంటి మనిషి కనిపించడు. కానీ కోర్టు పుస్తకం తరానికి తరాన్ని కలపదు, అందుకే దాన్ని రెండో స్థానంలో పెడతాను.

డీఎన్ఏ పరీక్ష గురించి అడుగుతారు. వై క్రోమోజోమ్ తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే వెళుతుంది. జెంక్స్ ఇంటిపేరు మగసంతతి ద్వారా ఇంకా మోస్తున్న ఇద్దరు ఉంటే వాళ్ళకి ఇది మంచి సాక్ష్యం. మా కోడలికి అమ్మమ్మ వైపు నుంచి వచ్చిన వంశం కాబట్టి పనికిరాదు. మామూలు పరీక్ష తల్లి వైపు, తండ్రి వైపు అందరినీ కలిపి చూస్తుంది. పది తరాల వెనక 1024 మంది పూర్వీకులు ఉంటారు. వాళ్ళలో ఒక్కడిని పోల్చుకోవడం అయ్యే పని కాదు. ఆ డబ్బు దస్తావేజు కాపీలకి పెట్టమన్నాను.

నా వరస అందరికీ సరిపోదు. 1650లో డన్‌బార్ యుద్ధంలో పట్టుబడ్డ స్కాట్లాండ్ ఖైదీలు అరవై మంది దాకా ఇదే సాగస్ కర్మాగారానికి కూలీలుగా వచ్చారు. మీ మనిషి వాళ్ళలో ఒకడైతే మొదటి ఏళ్ళలో అతని పేరున సెంటు భూమి ఉండదు. అప్పుడు కర్మాగారం లెక్కల్లో తిండికి, బట్టలకి రాసిన ఖర్చు, ఆ తర్వాత కోర్టు పుస్తకం, ఏళ్ళు గడిచాకే దస్తావేజు.

మనవడి ప్రాజెక్టులో ఆరు తరాలు దస్తావేజుతో రుజువైనవి నల్ల సిరాతో రాశాం. మిగతావి పెన్సిల్‌తో. వాడు రోజూ అడుగుతున్నాడు, తర్వాతి పేరు ఎప్పుడు దిద్దొచ్చని. ఆ 60 ఎకరాల పొరుగు దస్తావేజులు ఇంకా మూడు చదవాలి.