డంజన్‌డ్రాఫ్ట్ మ్యాప్‌ని ఫౌండ్రీలోకి ఎక్కించడం: ఉండవల్లి గుహ నమూనాతో రివ్యూ

పాత్రలు వేసుకుని ఆడే టేబుల్‌టాప్ ఆటలకి మ్యాప్ గీసే డంజన్‌డ్రాఫ్ట్, ఆ మ్యాప్ మీద ఆన్‌లైన్‌లో ఆడించే ఫౌండ్రీ వీటీటీ, రెండూ కలిపి కొనొచ్చా అంటే, కొనొచ్చు. మ్యాప్ గీసే సాఫ్ట్‌వేర్లు చాలా ఉన్నాయి, ఆన్‌లైన్‌లో ఆడించే వేదికలూ ఉన్నాయి. కానీ గీసిన గోడలు, తలుపులు, దీపాలు అన్నిటినీ ఒక్క ఫైల్‌లో మోసుకెళ్ళి అవతల దించడంలో ఈ జోడీ మీద మాకు గట్టి నమ్మకం. కాకపోతే ఒక షరతు. గీసేటప్పుడే ఫౌండ్రీ ఏం చదువుతుందో తెలిసి గీయాలి. అది బొమ్మని పట్టించుకోదు, గీతల్నే చదువుతుంది. రాతిగోడ బొమ్మ ఎంత బాగా కుదిరినా దాని కింద గోడ గీత లేకపోతే టోకెన్ (మ్యాప్ మీద పాత్రని చూపే బిళ్ళ) అందులోంచి దూరి అవతలికి వెళ్ళిపోతుంది.

పరీక్షకి ఉండవల్లి గుహాలయాన్ని నమూనాగా తీసుకున్నాం. బెజవాడ నుంచి ప్రకాశం బ్యారేజీ దాటితే వచ్చేదే. కొండరాతిలో తొలిచిన నాలుగు అంతస్తులు, వరసగా స్తంభాలు, లోపల పడుకుని ఉన్న అనంతపద్మనాభస్వామి విగ్రహం. గుడి కొలతలు దించలేదు, ఆ అమరిక మాత్రమే తీసుకున్నాం. ఒక్కో అంతస్తు 40×30 గళ్ళు, గడికి 5 అడుగులు. గుహ గోడలు, స్తంభాలు, మెట్లు, చీకటి గదులు అన్నీ ఒకేచోట దొరుకుతాయి కాబట్టి ఈ జోడీ బలం, బలహీనత రెండూ బయటపడతాయి.

ముందు డబ్బుల సంగతి. డంజన్‌డ్రాఫ్ట్ సుమారు 20 డాలర్లు, ఫౌండ్రీ 50 డాలర్లు, పన్ను అదనం. రెండూ ఒక్కసారి కడితే చాలు, నెలనెలా చందా లేదు. ఫౌండ్రీ లైసెన్స్ ఆట నడిపించే గేమ్ మాస్టర్ ఒక్కరికి ఉంటే సరిపోతుంది, ఆటగాళ్ళు బ్రౌజర్‌లో లింక్ తెరిచి కూర్చోవచ్చు. ఐదుగురు పంచుకుంటే మనిషికి పడేది తక్కువే. కార్డుతో కట్టేటప్పుడు పేమెంట్ ఆగిపోతే ముందు బ్యాంక్ యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు ఆన్ చేసి ఉన్నాయో లేదో చూడండి. 2020లో రిజర్వ్ బ్యాంక్ తెచ్చిన నియమాల ప్రకారం కొత్త కార్డుల్లో అది ఆఫ్‌లోనే వస్తుంది.

ఇక అసలు పని. డంజన్‌డ్రాఫ్ట్ ఎక్స్‌పోర్ట్ తెరలో పీఎన్‌జీ, జేపీజీ, వెబ్‌పీ అనే బొమ్మ రకాలతో పాటు యూనివర్సల్ వీటీటీ అని ఒక రకం ఉంటుంది. అది ఎంచుకుంటే డీడీ2వీటీటీ అనే పొడిగింపుతో ఫైల్ వస్తుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మామూలు జేసన్ ఫైలే, అంటే వివరాలన్నీ అక్షరాల్లో రాసిన ఫైల్. గడికి ఎన్ని పిక్సెళ్ళు, చూపుని ఆపే గీతలు ఎక్కడెక్కడ, తలుపులు ఎక్కడ, దీపాలు ఎంత దూరం వెలుగుతాయి అన్నీ రాసి ఉంటాయి. చివర్లో మ్యాప్ బొమ్మ మొత్తం అక్షరాల రూపంలో కుక్కి ఉంటుంది. అలా కుక్కడం వల్ల బొమ్మ అసలు సైజు కన్నా మూడో వంతు పెరుగుతుంది. ఫైల్ బరువు చూసి కంగారు పడక్కర్లేదు, అవతల దిగాక ఆ బరువు పోతుంది.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి. గ్రిడ్ గీతలు ఆపేయండి, ఫౌండ్రీ తన గ్రిడ్ తానే గీసుకుంటుంది, రెండూ ఉంటే జంట గీతలు కనిపించి కళ్ళు లాగుతాయి. లైటింగ్ కూడా ఆపేయండి. డంజన్‌డ్రాఫ్ట్ వెలుగుని బొమ్మలోనే పూసేస్తే, దాని మీద ఫౌండ్రీ మళ్ళీ దీపం పెడుతుంది. అప్పుడు దీపం చుట్టూ తెల్లగా పాలిపోతుంది, దీపం ఆర్పినా నేల మీద వెలుగు మిగిలే ఉంటుంది.

మూడోది గడికి పిక్సెళ్ళు. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే, అందుకని లెక్క వేసి చూపిస్తాం. 40×30 గళ్ళ మ్యాప్‌కి గడికి 100 పిక్సెళ్ళు పెడితే 4000×3000. పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున అది ఆటగాడి గ్రాఫిక్స్ మెమరీలో 48 ఎంబీ తింటుంది. 140 పెడితే 5600×4200, దాదాపు 94 ఎంబీ. 256 పెడితే 10240×7680, ఏకంగా 314 ఎంబీ పైనే. వెబ్‌పీలో ఫైల్ చిన్నదే కదా అనుకోవద్దు. డిస్కు మీద ఎంత చిన్నగా ఉన్నా స్క్రీన్ మీదికి వచ్చేసరికి పూర్తిగా విచ్చుకుంటుంది. కాలేజీ పిల్లల దగ్గరుండే 4 జీబీ ర్యామ్ లాప్‌టాప్‌లు, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనివి, అక్కడే చతికిలపడతాయి. మ్యాప్ నల్లగా మిగిలిపోతుంది, లేదా ట్యాబ్ మూసుకుపోతుంది. 100 నుంచి 140 మధ్య ఉంచండి, టోకెన్ దగ్గరికి జూమ్ చేసినా బొమ్మ చెదరదు. పెద్ద మ్యాపులు గీసేవాళ్ళకి ఇంకో మాట: వెబ్‌పీ బొమ్మ ఏ వైపూ 16383 పిక్సెళ్ళు దాటడానికి వీల్లేదు. 128 గళ్ళ మ్యాప్‌ని గడికి 128తో తీస్తే 16384 వస్తుంది, ఒక్క పిక్సెల్ ఎక్కువై ఆగిపోతుంది.

ఫౌండ్రీలో దించడానికి యూనివర్సల్ బ్యాటిల్‌మ్యాప్ ఇంపోర్టర్ అనే ఉచిత మాడ్యూల్ (ఫౌండ్రీకి అదనంగా చేర్చుకునే హంగు) కావాలి. సెటప్ తెరలో యాడ్-ఆన్ మాడ్యూల్స్‌కి వెళ్ళి పేరుతో వెతికి ఇన్‌స్టాల్ చేసి, మీ ఆట ఉండే వరల్డ్ లోపల మేనేజ్ మాడ్యూల్స్‌లో టిక్ పెట్టండి. ఆ రెండో టిక్ మర్చిపోయి మాడ్యూల్ పనిచేయట్లేదని అనుకునేవాళ్ళు చాలామంది. టిక్ పెట్టాక సీన్స్ ట్యాబ్‌లో (ఫౌండ్రీలో ఒక్కో మ్యాప్ ఒక్కో సీన్) దాని బటన్ వస్తుంది. నొక్కి సీన్ పేరు ఇచ్చి, ఫైల్ ఎంచుకుని, బొమ్మ ఏ ఫోల్డర్‌లో దాచాలో చెప్పి, వెబ్‌పీకి మార్చే ఆప్షన్ టిక్ చేసి ఇంపోర్ట్ కొట్టండి. కాసేపట్లో గ్రిడ్ సరిగ్గా కూర్చుని, గోడలు అతుక్కుని, దీపాలు వెలుగుతూ సీన్ తయారవుతుంది. చేత్తో అయితే ఈ స్తంభాల మండపానికి గోడలు గీయడం ఒక పూట పని. ఈ జోడీకి పెట్టిన డబ్బు అక్కడే వసూలవుతుంది.

గుహ గోడల దగ్గర మాత్రం కాస్త ఓపిక పట్టాలి. డంజన్‌డ్రాఫ్ట్‌లో కేవ్ బ్రష్‌తో గీసిన అంచు వంకర టింకరగా, వందల కొద్దీ చిన్న చిన్న ముక్కలతో వస్తుంది. టోకెన్ కదిలిన ప్రతిసారీ ఆ ముక్కలన్నిటి మీదా చూపు ఎక్కడిదాకా వెళ్తుందో ఫౌండ్రీ లెక్కేస్తుంది, దాంతో పాత లాప్‌టాప్‌లు తడబడతాయి. ఇంపోర్ట్ తెరలోని ఫిడెలిటీ సెట్టింగ్ దీనికోసమే, దాన్ని తగ్గిస్తే ముక్కలు తగ్గుతాయి. పక్కనే ఉన్న ఆఫ్‌సెట్ సెట్టింగ్‌తో గీతని రాతి లోపలికి జరపొచ్చు. అలా జరిపితే ఆటగాడికి గుహ అంచు రాయి కాస్త కనిపిస్తుంది, లేకపోతే నేల అయిపోయిన చోటే కటిక చీకటి మొదలై గుహలో ఉన్నట్టే అనిపించదు.

స్తంభాలది ఇంకా ఆసక్తికరమైన వ్యవహారం. డంజన్‌డ్రాఫ్ట్‌లో స్తంభం అంటే ఒక వస్తువు బొమ్మ. మామూలుగా పెడితే అది చూపుని ఆపదు, ఫౌండ్రీలో దాని వెనక నక్కిన దొంగ అందరికీ కనిపిస్తాడు. వస్తువుని ఎంచుకుని వెలుగుని ఆపే ఆప్షన్ ఆన్ చేయాలి, లేదా గోడ పరికరంతో స్తంభం చుట్టూ చిన్న మూసిన వలయం గీయాలి. మేం రెండోదే చేయమంటాం, గీత ఎక్కడ పడిందో కంటికి కనిపిస్తుంది కాబట్టి. అయినా ఒక చిక్కు మిగులుతుంది. దిగిన గోడలన్నీ మామూలు గోడలే కాబట్టి స్తంభం లోపలి భాగం నల్లటి మచ్చలా ఉంటుంది, మీరు ముచ్చటపడి ఎంచుకున్న చెక్కడం పని ఎవరికీ కనిపించదు. ఫౌండ్రీలో వాల్స్ లేయర్‌కి వెళ్ళి, ఆ గీతలన్నిటినీ లాగి ఎంచుకుని, ఒకదాని మీద డబుల్ క్లిక్ చేసి చూపుని ఆపే రకాన్ని లిమిటెడ్‌కి మార్చండి. లిమిటెడ్ గోడ మొదటి గీత దగ్గర చూపుని లోపలికి రానిస్తుంది, రెండో గీత దగ్గర ఆపేస్తుంది. స్తంభం కనిపిస్తుంది, దాని వెనక మనిషి కనిపించడు. మండపంలో టోకెన్ని నడిపిస్తుంటే స్తంభాల నీడలు ఒకదాని మీదుగా ఒకటి జరుగుతూ పోవడం చూస్తే ఈ శ్రమంతా ఎందుకో అర్థమవుతుంది.

తలుపులు, కిటికీలు రెండూ డంజన్‌డ్రాఫ్ట్‌కి ఒకే రకం, పోర్టల్. వెలుగుని ఆపే పోర్టల్ ఫౌండ్రీలో తెరిచే తలుపుగా దిగుతుంది. ఆపని పోర్టల్ చూపుని వదిలి నడకని ఆపే గీతగా దిగుతుంది. కిటికీకి అది బాగానే సరిపోతుంది. ఖాళీ కమాను ద్వారానికి అయితే ఎవరూ దాటలేని కంటికి కనపడని అడ్డం అవుతుంది, ఆ గీతని తీసేయాల్సిందే. ఆట మొదలవక ముందే ఒక టోకెన్ని ప్రతి ద్వారంలోంచి దాటించి చూడండి.

ఆటగాడికి అంతా నల్లగా ఉందంటే తప్పు సాధారణంగా ఇంపోర్ట్‌ది కాదు. ఆ టోకెన్‌కి అతను ఓనర్ అయి ఉండాలి, టోకెన్ సెట్టింగ్‌లో విజన్ ఆన్ అయి ఉండాలి. మ్యాప్ మొత్తం బట్టబయలుగా కనిపిస్తుంటే సీన్ సెట్టింగ్‌లో టోకెన్ విజన్ ఆఫ్‌లో ఉందని అర్థం. ఇవేవీ కాకపోతే క్రోమ్‌లో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

తెలుగులో ఆడించేవాళ్ళు తప్పక గుర్తుపెట్టుకోవాల్సింది ఒకటుంది. మ్యాప్ మీద పేర్లు డంజన్‌డ్రాఫ్ట్‌లో రాయకండి. అది గోడో మూడో తరం ఇంజిన్ మీద కట్టిన సాఫ్ట్‌వేర్, ఆ ఇంజిన్‌కి మన లిపి కూర్పు రాదు. గుణింతాలు పక్కకి జారతాయి, ఒత్తులు విడిపోయి 'స్తంభం' అన్న మాటే చదవలేని స్థితికి వస్తుంది. పేర్లన్నీ ఫౌండ్రీలో డ్రాయింగ్ పరికరంలోని టెక్స్ట్‌తో రాయండి. అక్కడ అక్షరాలు కూర్చేది బ్రౌజర్ కాబట్టి చక్కగా వస్తాయి. మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లని ఫౌండ్రీ సెట్టింగ్స్‌లో జోడించుకుంటే అందరి తెర మీదా ఒకేలా కనిపిస్తుంది.

నెట్ సంగతి కూడా ఈ రివ్యూలో భాగమే, ఎందుకంటే ఫౌండ్రీ మామూలుగా గేమ్ మాస్టర్ కంప్యూటర్ మీదే నడుస్తుంది. 20 ఎంబీ మ్యాప్‌ని నలుగురికి పంపాలంటే 80 ఎంబీ, అంటే 640 మెగాబిట్లు మీ ఇంటి నుంచి బయటికి వెళ్ళాలి. అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్ ఉంటే 32 సెకన్లు. అదే మ్యాప్ వెబ్‌పీలో 4 ఎంబీ అయితే ఏడు సెకన్ల లోపే. బ్రాడీపేటలో కూర్చుని ఆడిస్తూ భవానీపురంలో వాళ్ళకి మ్యాప్ ఆలస్యంగా వస్తోందంటే ముందు డౌన్‌లోడ్ వేగం కాదు, మీ అప్‌లోడ్ వేగం చూడండి.

బయటివాళ్ళు ఫౌండ్రీలోకి వచ్చే ద్వారం, అంటే పోర్ట్, నంబర్ 30000. రౌటర్‌లో ఆ ద్వారం బయటికి తెరిచి పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టినా బయటివాళ్ళు రాలేకపోతే, మీ కనెక్షన్‌కి సొంత పబ్లిక్ ఐపీ లేకుండా పదిమందితో కలిపి ఒకటి ఇచ్చి ఉంటారు. మొబైల్ డేటా అయితే ఇంచుమించు ఎప్పుడూ అంతే. రౌటర్‌తో కుస్తీ పట్టి లాభం లేదు. దూరంగా ఉన్న కంప్యూటర్లని ఒకే సొంత నెట్‌వర్క్‌లా కలిపే టెయిల్‌స్కేల్, జీరోటియర్ లాంటివి అందరి కంప్యూటర్లలో పెట్టుకోవచ్చు, లేదా రౌటర్ తెరవకుండానే బయటివాళ్ళకి దారి ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ టన్నెల్ వాడొచ్చు. క్లౌడ్‌ఫ్లేర్ ఉచిత ప్లాన్‌లో ఒక్క అప్‌లోడ్ 100 ఎంబీ దాటకూడదు. దాని బెడద లేకుండా గేమ్ మాస్టర్ తన కంప్యూటర్‌లో లోకల్‌హోస్ట్ అడ్రస్ తెరిచి మ్యాపులు ఎక్కిస్తే సరి. అద్దె సర్వర్‌లో ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ వెనక పెట్టుకున్నవాళ్ళకి 413 అనే ఎర్రర్ వస్తే కారణం ఒక్కటే, ఎంజిన్‌ఎక్స్ మామూలుగా 1 ఎంబీ మించి లోపలికి రానివ్వదు. క్లయింట్ మ్యాక్స్ బాడీ సైజ్ అనే వరసని 300 ఎంబీకి పెంచి రీలోడ్ చేయండి.

మిగతా జోడీల గురించి క్లుప్తంగా. ఇప్పటికే రోల్20 అనే మరో ఆన్‌లైన్ వేదికలో ఆడుతున్నవాళ్ళు డంజన్‌డ్రాఫ్ట్ నుంచి గడికి 140 చొప్పున బొమ్మ తీసి, పేజీని 40×30 పెట్టి, బొమ్మ కొలతల్ని గళ్ళలో ఇస్తే గ్రిడ్ కుదురుతుంది. కానీ అక్కడ గోడలు చూపుని ఆపే డైనమిక్ లైటింగ్‌కి చందా కట్టాలి, గోడలు దించే మాడ్ స్క్రిప్టుకి పై స్థాయి చందా కావాలి. మ్యాప్ గీసే మరో సాఫ్ట్‌వేర్ డంజన్ ఆల్కెమిస్ట్ గదుల్ని తానే సామాన్లతో నింపేస్తుంది, ఫౌండ్రీకి జేసన్ కూడా ఇస్తుంది. సత్రాలు, ఇళ్ళు గంటలో కావాలంటే అదే మేలు, గుహలకి మాత్రం చేత్తో గీసినంత తృప్తి ఉండదు. ఇంకార్నేట్ కూడా మ్యాప్ గీసేదే, అడవులు, రాజ్యాల మ్యాపులకి చాలా బాగుంటుంది, గోడలు మాత్రం ఫౌండ్రీలో మీరే గీసుకోవాలి.

ఉండవల్లి లాంటి అంతస్తుల మ్యాప్‌కి చివరిగా ఒక పని ఉంటుంది. డంజన్‌డ్రాఫ్ట్‌లో లెవెల్స్‌గా గీసినా ఎక్స్‌పోర్ట్ ఒక్కో లెవెల్‌కి విడిగా చేయాలి, ఫౌండ్రీలో నాలుగు సీన్లు అవుతాయి. వెర్షన్ 12 నుంచి సీన్ రీజియన్స్ వచ్చాయి కాబట్టి మెట్ల మీద ఒక రీజియన్ గీసి, దానికి టెలిపోర్ట్ టోకెన్ జోడించి పై అంతస్తు మెట్లకి కలపండి. టోకెన్ మెట్టెక్కగానే పై సీన్‌లో తేలుతుంది. దిగే దారికీ అలాగే కలపాలి. నాలుగు లెవెల్స్‌లోనూ మెట్లు ఒకే గడిలో ఉండేలా ముందే గీసుకుంటే పైకెక్కిన ఆటగాడికి దిక్కు తప్పదు. కొత్త ఫౌండ్రీ వెర్షన్ వచ్చిందని ఆట రోజున అప్‌డేట్ చేయకండి. ముందు ఇంపోర్టర్ మాడ్యూల్ ఆ వెర్షన్‌కి సరిపోతుందో మాడ్యూల్ పేజీలో చూసి, యూజర్ డేటా ఫోల్డర్ని వేరే డిస్కులోకి కాపీ చేసుకుని, అప్పుడు మొదలుపెట్టండి.