32 ఎంఎం ట్యూబ్‌లెస్ సైకిల్ టైర్లు, రూబే రాళ్ల మీద: చాలాకాలం వాడాక నా మాట, కుర్ర రేసర్ బ్రెన్నన్ మీద నా లెక్క

ముందే చెప్పేస్తున్నా: రాళ్ల రోడ్ల మీద సైకిల్ తొక్కేవాళ్లు 32 ఎంఎం వెడల్పున్న ట్యూబ్‌లెస్ టైర్లకి (లోపల ట్యూబు లేనివి) మారిపోవచ్చు. డబ్బు దండగ కాదు. నేను ఉద్యోగరీత్యా బెల్జియంలోని గెంట్‌లో ఉంటాను. సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోకి వెళ్తే పారిస్–రూబే (క్లుప్తంగా రూబే) సైకిల్ రేసు జరిగే రాళ్లు పరిచిన దారులు వస్తాయి. రేసు రోజు వదిలేస్తే అవి చాలావరకు మామూలు పొలం బాటలే. చక్కెర దుంప ట్రాక్టర్ల పక్కనే మనమూ తొక్కుకోవచ్చు.

అంతకుముందు నా బండికి 28 ఎంఎం టైర్లు, లోపల ట్యూబులు, 80 పీఎస్ఐ గాలి. ఆ రేసులో వచ్చే ఆరెన్‌బర్గ్ అడవి రాళ్ల దారి రెండు కిలోమీటర్ల పైచిలుకు ఉంటుంది. అది దాటేసరికి బ్రేకు నొక్కడానికి వేళ్లు వంగేవి కావు. ఇప్పుడు ముందు 43, వెనక 46 పెడుతున్నాను (నా బరువు 70 కిలోల దగ్గర). కుదుపు పోదు, కానీ పళ్లు కొట్టుకునే కుదుపు కాస్తా భరించగలిగే కుదుపు అవుతుంది. చక్రం రాయి మీద ఎగరకుండా అంటుకుని నడుస్తుంది కాబట్టి తొక్కిన బలం వృథా కాదు. మామూలు తారు రోడ్డు మీద కూడా నెమ్మదించినట్టు నాకు అనిపించలేదు.

ఇక ఇబ్బందులు. సీలెంట్ (చిల్లులు పూడ్చడానికి టైరు లోపల పోసే ద్రవం) కొన్ని నెలలకే ఎండిపోతుంది, గుర్తుపెట్టుకుని పోస్తూ ఉండాలి. కొత్త టైరును రిమ్ముకు ఎక్కించడం బొటనవేళ్లకు నరకం. దారి అంచుల్లో దుమ్ము కింద దాక్కున్న చెకుముకి ముక్క టైరు పక్కగోడను కోస్తే సీలెంట్ ఏమీ చేయలేదు, అందుకే జేబులో ఒక ట్యూబు ఉండాల్సిందే. 40 కంటే తక్కువ గాలి పెడితే రిమ్ముకు రాయి తగిలే చప్పుడు గుండెలో వినిపిస్తుంది. అన్నట్టు, ఆరెన్‌బర్గ్ రాళ్ల మధ్య పెరిగే గడ్డిని తీయడానికి నిర్వాహకులు మేకల్ని తోలారు. మంచి ఐడియా. తడి గడ్డి మీద ఏ టైరూ నిలవదు.

ఈ టైర్లతో తిరగడం మొదలెట్టాక కుర్ర రేసర్ల మీద నా అంచనా మారింది. రూబే అంటే ముదురు ఒంటి రేసు అంటారు. 2016లో గెలిచిన మాథ్యూ హేమన్‌కి 37 ఏళ్లు. 1993లో గెలిచినప్పుడు డుక్లో-లాసాల్‌కి 38. అంతసేపు ఆ దెబ్బలు తినాలంటే ఏళ్ల తరబడి ఒళ్లు గట్టిపడాలన్నది పాత లెక్క. అప్పటి టైర్లు సన్నం, గాలి ఎక్కువ. ఇప్పుడు ప్రొఫెషనల్స్ కూడా 30, 32కి వచ్చేశారు. దెబ్బల్లో కొంత భాగం టైరే తింటోంది.

అందుకే మాథ్యూ బ్రెన్నన్ మీద నాకు నమ్మకం. 2005లో పుట్టిన ఈ ఇంగ్లండ్ కుర్రాడు 2025 మార్చిలో డెనాన్ రేసు గెలిచాడు. అదీ రూబే దగ్గరి రాళ్ల దారుల మీదే. అదే నెలలో స్పెయిన్‌లో రోజుకో స్టేజీగా కొన్ని రోజులు సాగే కాటలూన్యా టూర్‌లో రెండు స్టేజీలు కొట్టాడు. ఏప్రిల్‌లో 19 ఏళ్లకే రూబే బరిలో దిగాడు. పెద్ద బలం అతని స్ప్రింట్, అంటే చివర్లో పెట్టే పరుగు. రూబే ముగిసేది వెలోడ్రోమ్‌లో (గుండ్రటి సైకిల్ ట్రాక్ ఉన్న స్టేడియం). 2021లో ముగ్గురు కలిసి వచ్చి అక్కడే స్ప్రింట్‌లో తేల్చుకున్నారు. ఆ ముగ్గురికీ అదే తొలి రూబే, రెండో స్థానంలో వచ్చిన ఫ్లోరియన్ వర్మీర్ష్‌కి అప్పుడు 22. అంతకుముందు 2002లో టామ్ బూనెన్ 21 ఏళ్లకే మూడోవాడు. కాబట్టి వయసు చిన్నదైతే పోడియం దక్కదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

గెలుపు మాత్రం వేరు. బూనెన్‌కి అది 2005లో దక్కింది. వర్మీర్ష్ 2025లో ఐదో స్థానంలో ఉన్నాడు. టైరు నేర్పనిది ఒకటుంది: రాళ్లు మొదలయ్యే ముందు కిలోమీటరులో ముందు వరుసకు చేరడం. వెనకబడితే ముందు పడ్డవాడి బండి మన దారికి అడ్డం. దారి మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే గట్టు మీద తొక్కాలా, పక్కన మట్టిలోనా అన్నది ఆ వేగంలో అరక్షణంలో తేల్చుకోవాలి. ఆదివారం ఉదయం ఒంటరిగా, ఖాళీ దారిలో నెమ్మదిగా పోయే నాకే అది కష్టం. పైగా బ్రెన్నన్ టీమ్‌లోనే పెద్ద స్టార్ వాన్ ఆర్ట్ ఉన్నాడు, అంటే కొన్నాళ్లు ఇతరుల కోసం తొక్కాలి. ఎదుట 2023, 24, 25 వరుసగా గెలిచిన వాన్ డర్ పూల్. 2024లో అతని సగటు వేగం గంటకు 47 కిలోమీటర్లు దాటింది. 2025లో తొలిసారే వచ్చి మరో స్టార్ పొగాచార్ రెండో స్థానం కొట్టాడు.

నా పందెం: రెండు మూడేళ్లలో బ్రెన్నన్ తొలి పదిమందిలో ఉంటాడు. గెలుపు పాతికేళ్ల వయసు దగ్గరపడ్డాక. వాన పడితే ఈ లెక్కలన్నీ గల్లంతు.

టైర్ల సంగతికొస్తే, ముందుది ఇంకా బాగుంది, వెనకది అరిగింది. మళ్లీ ఇదే సైజు కొంటాను. హైదరాబాద్‌లో ఓఆర్ఆర్ సైకిల్ ట్రాక్ మీదే తిరిగేవాళ్లు మాత్రం 28తో ఆగిపోండి. కొనేముందు ఫ్రేములో 32 పడుతుందో లేదో కొలుచుకోండి, పాత బండ్లు చాలావాటికి పట్టదు.