పిలుపు వినడమా, పటం చూడడమా? సైనిక రవాణా విమానాల కాల్‌సైన్లు నేర్చుకోవడానికి ఏది మేలు?

బరంపురం స్టేషనులో బోర్డు మీద బ్రహ్మపుర్ అని ఉంటుంది, రైల్వే లెక్కల్లో ఆ ఊరు బీఏఎం అనే మూడక్షరాలుగా ఉంటుంది, మనం మాత్రం బరంపురం అనే అంటాం. పర్లాకిమిడిలోనో, గుణుపురంలోనో పెరిగిన పిల్లవాడికి ఈ మూడూ ఒకే ఊరని ఎవరూ పనిగట్టుకొని చెప్పనక్కర్లేదు. ఆ పేర్లు పలికేవాళ్ల మధ్యే ఉంటాడు కాబట్టి వాటంతట అవే తెలిసిపోతాయి. సైనిక రవాణా విమానాల కాల్‌సైన్లు, అంటే రేడియోలో పిలుచుకునే పేర్లు, నేర్చుకునేవాళ్లకు ఎదురయ్యే మొదటి చిక్కు సరిగ్గా ఇలాంటిదే. ఎగురుతున్న విమానాలను చూపే ఫోనులోని పటం మీద ఆర్‌సీహెచ్ అని కనిపించే విమానం రేడియోలో తనను తాను ‘రీచ్’ అని చెప్పుకుంటుంది. ఆర్‌ఆర్‌ఆర్ అని కనిపించేది ‘ఆస్కాట్’, సీఎఫ్‌సీ అనేది ‘కెన్‌ఫోర్స్’, ఏఎస్‌వై అనేది ‘ఆసీ’, సీఎన్‌వీ అనేది ‘కాన్వాయ్’. ఇవి వరుసగా అమెరికా ఎయిర్ మొబిలిటీ కమాండ్ (ఆ దేశపు వైమానిక దళంలోని రవాణా విభాగం), బ్రిటన్, కెనడా, ఆస్ట్రేలియా వైమానిక దళాలు, అమెరికా నౌకాదళపు రవాణా విభాగం వాడే పేర్లు.

విమానాల పిలుపులు పట్టే ఈ హాబీలోకి కొత్తగా వస్తున్న రాయగడ, జయపురం, పలాస కుర్రాళ్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఒక్కటే: “మాస్టారూ, ఇవన్నీ నేర్చుకోవాలంటే రేడియో వినాలా, ఫోనులో పటం చూస్తే సరిపోతుందా?” ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పడం కన్నా ఒకచోట వివరంగా రాయడం మంచిదనిపించింది.

ముందుగా పటం సంగతి. విమానాలు 1090 మెగాహెర్ట్జ్ మీద తమ గుర్తింపును, స్థానాన్ని, ఎత్తును స్వయంగా ప్రకటించుకుంటాయి. ఆ గుర్తింపులో కాల్‌సైన్‌కు ఎనిమిది అక్షరాల వరకు చోటుంటుంది. దానితోపాటు ప్రతి విమానానికీ 24 బిట్ల శాశ్వత చిరునామా, అంటే అంకెలూ అక్షరాలూ కలిపి ఆరు గుర్తులుగా రాసేది, ఉంటుంది. అమెరికా సైనిక విమానాల చిరునామాలు ఎక్కువగా ఏఈ అనే అక్షరాలతోనూ, బ్రిటన్ సైనిక విమానాలవి 43సీ తోనూ మొదలవుతాయి. ఈ రోజు ఒక కాల్‌సైన్‌తోనూ, రేపు మరొకదానితోనూ ఎగిరే విమానాన్ని ఒకటేనని పట్టుకోవడానికి ఈ చిరునామాను మించిన ఆధారం లేదు. వచ్చినది సీ-17 రకమా, సీ-130 రకమా, ఎటు నుంచి ఎటు వెళుతోంది అన్నవి చూడగానే తెలుస్తాయి. ఇలాంటి పటాల్లో ఫ్లైట్‌రాడార్24 అనేది కొన్ని సైనిక విమానాలను చూపదు. ఏడీఎస్‌బీ ఎక్స్ఛేంజ్ అనే మరో పటం అలా వడపోయదు కాబట్టి ఈ పనికి అదే నయం. ఉచితంగా, నిశ్శబ్దంగా, ఇంట్లో ఎవరి నిద్రా చెడగొట్టకుండా నడిచే పద్ధతి ఇది.

అయితే ఆ సంకేతాలు చూపుమేరకు తిన్నగా పోయేవి. నేల మీద ఎవరో ఒకరు యాంటెన్నా పెట్టిన చోట విమానం కనిపిస్తుంది, తీరం వదిలి మహాసముద్రం మీదికి పోగానే చాలాసార్లు పటం మీద గీత ఆగిపోతుంది. ప్రకటన ఆపివేసుకొని ఎగిరే సైనిక విమానాలు ఉండనే ఉన్నాయి. రవాణా విమానం ఎక్కువ గంటలు గడిపేది సముద్రం మీదే కాబట్టి, అసలు కథ నడిచేటప్పుడు పటం ఖాళీగా ఉంటుంది.

ఆ ఖాళీలోనే షార్ట్‌వేవ్ పనిచేస్తుంది. అయనావరణం అనే పై వాతావరణపు పొర నుంచి తిరిగివచ్చే ఆ తరంగాలు వేల కిలోమీటర్లు పోగలవు గనుకనే సముద్రం మీది విమానాలు ఇప్పటికీ దాన్ని నమ్ముకుంటాయి. అమెరికా వైమానిక దళపు ప్రపంచవ్యాప్త షార్ట్‌వేవ్ వ్యవస్థ 4724, 8992, 11175, 15016 కిలోహెర్ట్జ్‌ల మీద, మామూలు రేడియోలో మాట తెలియని అప్పర్ సైడ్‌బ్యాండ్ అనే ప్రసార పద్ధతిలో నడుస్తుంది. అక్కడ విమానం ‘మెయిన్‌సెయిల్’ అని పిలిస్తే, వినిపిస్తున్న ఏ భూకేంద్రమైనా పలకవచ్చునని అర్థం. భూకేంద్రం పలికాక విమానం తన పేరు, అంకెలు చెప్పి, ఫలానా చోటికి ఫోను కలపమని అడుగుతుంది. దిగబోయే చోట వాతావరణం ఎలా ఉంది, ఏ భాగం చెడింది, ఎన్ని గంటలు ఆలస్యం అన్న మాటలు సాగుతాయి.

నా దృష్టిలో ఏది మేలో తేల్చే విషయం ఈ మాటల్లోనే ఉంది. కాల్‌సైన్ అంటే ఒకరు మరొకరిని పిలవడానికి పెట్టుకున్న పేరు. ఎవరు పిలిచారు, ఎవరు పలికారు, ఏ పని మీద పిలిచారు అన్నవి తెలియకుండా ఆ పేరు తెలిసిందనుకోవడం, పెళ్లిపత్రిక చూసి చుట్టరికాలు తెలుసుకున్నామనుకోవడం లాంటిది. పటం మాత్రమే చూసిన రోజుల్లో నాకు ఆర్‌సీహెచ్ అక్షరాలు కంఠతా వచ్చాయి గాని, అది మాట్లాడుతుంటే ఒక్కసారి కూడా గుర్తుపట్టలేకపోయాను. అంకెలను విడివిడిగా పలుకుతారనీ, త్రీని ‘ట్రీ’ అనీ, ఫైవ్‌ను ‘ఫైఫ్’ అనీ, నైన్‌ను ‘నైనర్’ అనీ అంటారనీ పుస్తకంలో చదివి ఉన్నా, హోరులో వినబడినప్పుడు ఫైఫ్‌కూ నైనర్‌కూ తేడా పట్టడానికి నా చెవికి నెలలు పట్టింది. ఒక రాత్రి రీచ్ అని మొదలైన పిలుపులోని అంకెలు రాసుకొని, పటం తెరిచి, అట్లాంటిక్ అంచున అవే అంకెలతో పోతున్న సీ-17ను చూసినప్పుడు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదు.

వినడం వల్ల పేర్ల వెనుక ఉన్న చరిత్ర మీద కూడా ఆసక్తి కలుగుతుంది. ఎయిర్ మొబిలిటీ కమాండ్ 1992 జూన్ 1న ఏర్పడింది; దానికి ముందున్న మిలిటరీ ఎయిర్‌లిఫ్ట్ కమాండ్ విమానాలు ‘మ్యాక్’ అని పిలుచుకునేవి. ఫ్రాన్సు విమానాల ‘కోటామ్’ ఆ దేశపు సైనిక వాయు రవాణా కమాండ్ పేరులోని తొలి అక్షరాల కూర్పు. 1994లో ఆ కమాండ్ స్థానంలో వేరొకటి వచ్చినా, పటం మీద సీటీఎంగా, రేడియోలో కోటామ్‌గా ఆ పేరు మిగిలింది.

ఇంకొక జాగ్రత్త కూడా చెవితోనే అబ్బుతుంది. అదే 8992, 11175 మీద అక్షరాలూ అంకెలూ గుంపుగా చదివే అత్యవసర సందేశాలు వస్తాయి. వాటిని చదివే కేంద్రాలు రోజూ మారే పేర్లు వాడతాయి. కొత్తవాళ్లు ఆ పేర్లను విమానాలవనుకొని పట్టికలో ఎక్కించుకుంటారు. రేపటికి అవి ఉండవు. రీచ్, ఆస్కాట్ వంటి స్థిరమైన పేర్లు బాగా వచ్చేదాకా ఆ మారే పేర్ల జోలికి పోవద్దని నా సలహా.

వినడమే మేలనుకున్నాక, దేనితో వినాలన్నది రెండో ప్రశ్న. నేను మొదట ఒక దుకాణంలో, అన్నీ వస్తాయన్న మాట నమ్మి, సైడ్‌బ్యాండ్ సౌకర్యం లేని సెట్టు కొన్నాను. అందులో మనిషి గొంతు బాతు అరుపులా వస్తుంది తప్ప ఒక్క మాటా తెలియదు. తరువాత మంచి సెట్టు సంపాదించినా, వానాకాలంలో మహేంద్రగిరి మీద ఉరిమే ప్రతి మెరుపూ అందులో పటపటలాడుతుంది, వీధిలోని ఎల్‌ఈడీ దీపాలూ ఛార్జర్లూ హోరెత్తిస్తాయి. కరెంటు పోయిన రాత్రి మాత్రం బ్యాండు కడిగినట్టు తేటపడుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా గజపతి జిల్లాను కుదిపేసినప్పుడు, కరెంటూ ఫోన్లూ లేని ఆ రోజుల్లో బ్యాటరీతో నడిచిన ఈ సెట్టే ఆకాశవాణి వార్తలు వినిపించింది. అందుకు దాని మీద ప్రేమ ఎప్పటికీ ఉంటుంది. ప్రసార కేంద్రాలకూ, సరదాకు రేడియో నడిపే అమెచ్యూర్లను వినడానికీ దాన్నే వాడతాను. కాల్‌సైన్ల పాఠానికి మాత్రం నెదర్లాండ్స్‌లోని ట్వెంటె విశ్వవిద్యాలయంలో ఉన్న ఇంటర్నెట్ రిసీవర్‌నే ఎంచుకున్నాను. 2008లో మొదలైన ఆ రిసీవర్‌ను ఒకేసారి వందలమంది, ఎవరికి కావలసిన చోట వారు తిప్పుకొని వినవచ్చు. అప్పర్ సైడ్‌బ్యాండ్ ఒక్క నొక్కుతో వస్తుంది, అట్లాంటిక్ మీది పిలుపులు దానికి దగ్గర.

ఇక డాంగిల్ (కంప్యూటరుకు తగిలించే చిన్న రేడియో) కొని సొంతంగా విమానాల సంకేతాలు పట్టడం మరో ముచ్చట. మా కొండల మధ్య దాని చూపు కొద్దిదూరమే. కాల్‌సైన్ల పట్టికలను బట్టీపట్టడం గురించి చెప్పడానికి ఏమీ లేదు. ఎవరో రికార్డు చేసి పెట్టినవి వినడం ప్రయాణాల్లో కాలక్షేపానికి బాగుంటుంది.

ఒక విషయం గట్టిగా చెబుతున్నాను. పైన రాసినదంతా విదేశాల గురించి. మన సైన్యం, పోలీసుల సంభాషణల వైపు రేడియో తిప్పవద్దు, వాటి కదలికలు ఎక్కడా రాయవద్దు. కొరాపుట్, రాయగడ వంటి జిల్లాల్లో భద్రతా దళాలు తిరిగే దారులు మన ఊళ్ల మీదుగానే పోతాయి, ఆ దళాల్లో ఉండేది మన పిల్లలే. సొంత సెట్టుతో ప్రసారాలు కాని సంభాషణలు వినదలిస్తే, మన దేశపు వైర్‌లెస్ చట్టాలు ఏ అనుమతి కోరుతున్నాయో ముందుగా విచారించుకోవాలి.

మొన్న అడిగిన రాయగడ అబ్బాయికి చెప్పినదే మీకూ చెబుతాను. రాత్రి తొమ్మిది తరువాత, అంటే విమానాలవాళ్లు వాడే జులూ సమయం (ప్రపంచ ప్రామాణిక సమయం) పదిహేనున్నర దాటాక, ట్వెంటెలో 11175 పెట్టుకో, రాత్రి ముదిరితే 8992కు మారు. పక్కన నోటుపుస్తకం ఉంచుకొని సమయం, పిలిచిన పేరు, పలికిన కేంద్రం, అడిగిన పని నాలుగు గడుల్లో రాయి. పటాన్ని అప్పుడు తెరవకు. పిలుపు పూర్తిగా రాసుకున్నాకే తెరిచి సరిచూసుకో.